ఒకే పేరు, వేరువేరు కాయలు: నూజివీడు బంగినపల్లి తోట డైరీ

2022 మే 8

మా తాతగారు 1978లో నూజివీడు దగ్గర ఎర్రనేలలో వేసిన తోటలో ఇప్పుడు 58 చెట్లు మిగిలాయి. గట్టు మీది చిన్నరసం చెట్టు ఒక్కటి తప్ప మిగిలినవన్నీ బంగినపల్లి పేరుతోనే ఏటా నున్న మార్కెట్టుకు వెళుతున్నాయి. ఇన్నేళ్లూ పూత మీదనే తోటను గుత్తకు ఇచ్చేవాళ్లం కనుక ఏ చెట్టు కాయ ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఈసారి మేమే కోయించాం. నిన్న కాయలు చూడడానికి వచ్చిన వ్యాపారి ఒక గుట్టలోంచి గుండ్రటి కాయలను ఏరి పక్కన పడేస్తూ, "ఇవి బంగినపల్లి కాదమ్మా, కలుపు" అన్నారు. ఆ కాయలు 31వ నంబరు చెట్టువి. తోటకు కాపలా ఉండే పెద్దాయన మాత్రం, "అదీ అంటు మొక్కేనమ్మగారూ, మిగతా వాటితో పాటు ఒకే బండిలో వచ్చింది" అని గట్టిగా వాదించాడు.

కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే నాకు ఈ తగవు తీర్చవలసిన బాధ్యత ఉన్నట్టు తోచింది. మన బంగినపల్లి టెంకలో పిండం ఒక్కటే ఉంటుంది, అదీ పరపరాగ సంపర్కం వల్ల ఏర్పడినది. కాబట్టి టెంక పాతి పెంచిన మొక్క తల్లిని పోలదు. కేరళ, కొంకణ తీరాల్లోని ఒలూరు, వెల్లైకొలంబన్ వంటి రకాలలో ఒకే టెంకనుంచి తల్లికి నకళ్లయిన మొలకలు పలు వస్తాయి గానీ, మన రకాలకు ఆ గుణం లేదు. అంటే బనగానపల్లె పేరు మోసుకు తిరిగే ప్రతి చెట్టూ, దానిని బేనీషాన్ అన్నా, ఉత్తరాది సంతల్లో సఫేదా అన్నా, ఎప్పుడో ఒకప్పటి ఒకే తల్లిచెట్టు కొమ్మకు కొనసాగింపు కావాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పేరు అది. మరి ఒకే కొమ్మకు కొనసాగింపయిన 57 చెట్లలో కాయలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి? ఈ డైరీ ఆ ప్రశ్న కోసమే మొదలుపెడుతున్నాను.

2022 మే 22

అన్ని చెట్లనూ కొలవడం నా వల్ల కాదు కనుక పన్నెండు చెట్లు ఎంచుకున్నాను. అందులో గుండ్రటి కాయల 31, మా ఇంట్లో అందరూ "తాతగారి చెట్టు" అని మురిసిపోయే, పెద్ద కాయల 44, తోట నడుమ ఏ విశేషమూ లేని 5, 9, 12, మరికొన్ని. ఒక్కో చెట్టు నుంచి ఇరవై కాయలు తీసుకున్నాను, పదింటిని తూర్పు వైపు నుంచి, పదింటిని పడమర వైపు నుంచి. అన్నిటినీ చిక్కంతో, తొడిమ నాలుగు వేళ్ల పొడవున ఉండేలా కోయించి, సొన కారిపోయాక నీళ్ల తొట్టిలో వేసి, మునిగినవాటినే లెక్కలోకి తీసుకున్నాను; తేలినవి ఇంకా పక్వానికి రాలేదని అర్థం.

కాయ బరువు, తొడిమ నుంచి ముక్కు వరకు పొడవు, బుగ్గల మధ్య వెడల్పు, మందం కొలిచాక వరిగడ్డిలో మాగబెట్టి, పండాక గుజ్జు, తొక్క, టెంక విడివిడిగా తూచాను. పన్నెండు చెట్ల సగటు బరువు 352 గ్రాములు వచ్చింది. 31వ చెట్టు సగటు 248, 44వ చెట్టుది 486. రెట్టింపుకు దగ్గరలో ఉన్న ఈ తేడా చూడగానే వేరు రకాలనిపించడం సహజమే.

అయితే ఈ వారం ఒక చిన్న సంగతి నన్ను ఆపింది. 12వ చెట్టులో ఒకే గుత్తికి వేలాడిన రెండు కాయల్లో ఒకటి 380 గ్రాములు, ఇంకొకటి 140. చిన్నదాన్ని కోసి టెంక పగలగొడితే లోపల జీడి లేదు. నల్లబడి ముడుచుకున్న చింతతొక్క లాంటి పొర ఒకటి టెంక గోడకు అంటుకుని ఉంది. పూత సమయంలో చలి ఎక్కువైనప్పుడు పిండం మధ్యలోనే చనిపోయి, కాయ రాలక అలాగే నిలిచిపోయిన ఫలితమిది. ఒక చెట్టు, ఒక గుత్తి, ఒకే జన్యువులు, కానీ బరువులో ఇంత దూరం. ఇకమీదట ప్రతి టెంకనూ పగలగొట్టి, జీడి లేని కాయలను సగటులోంచి తీసేయాలని నియమం పెట్టుకున్నాను. అలా తీసేశాక 31వ చెట్టు సగటు ఏమీ మారలేదు, ఎందుకంటే దాని కాయలన్నిటిలోనూ జీడి నిండుగా ఉంది.

2022 మే 30

రిఫ్రాక్టోమీటరుతో తీపి కొలవడంలో మూడు రోజులు వృథా చేశాను. పాకలో మధ్యాహ్నం వేళ కూర్చుని, చుక్క రసం గాజు మీద వేసి, గీత చూసి రాసుకుంటూ పోయాను; 44వ చెట్టు పండుకు నూటికి 16 పాళ్లు, ఉదయం ఇంట్లో కొలిచిన 31కి 19. సంతోషంగా "చిన్న కాయ తియ్యన" అని రాయబోయాను కూడా. తరువాత గుర్తొచ్చింది, నా దగ్గరున్నది ఉష్ణోగ్రత సవరణ లేని పాత పరికరం. అది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగ్గా చదువుతుంది. వేడి పెరిగే కొద్దీ రసం పలచగా కనిపించి అంకె తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గరే సుమారు 0.8 కలుపుకోవాలి, మే నెల పాకలో ఇంకా ఎక్కువ. పైగా తొడిమ దగ్గరి గుజ్జు, ముక్కు దగ్గరి గుజ్జు ఒకే తీపి చూపవు. కాబట్టి ఈ ఏటి తీపి అంకెలన్నీ కొట్టేశాను. వచ్చే ఏడాది నుంచి ఉదయం ఆరింటికి, ఒకే గదిలో, బుగ్గ మధ్య భాగం నుంచే, మాగబెట్టిన రోజు నుంచి లెక్కపెట్టి ఒకే పక్వంలో.

2022 నవంబరు 14

కోతులు నాలుగు చెట్ల అల్యూమినియం పలకలు పీకేశాయి. నంబర్లు రంగుతో మొదళ్ల మీద మళ్లీ రాయించి, వరుసల పటం గీసి ఇంట్లో పెట్టాను.

2023 జూన్ 2

రెండో సీజను ముగిసింది. ఈ రెండేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే డైరీ మొదలుపెట్టిన రోజున నాకున్న నమ్మకాలు కొన్ని నిలవలేదు.

12వ చెట్టు నిరుడు సుమారు 600 కాయలు కాసి సగటున 295 గ్రాములు తూగింది; ఈసారి 190 కాయలే కాసి 410 గ్రాములు తూగింది. బంగినపల్లికి ఏడాది విడిచి ఏడాది కాపు పట్టే అలవాటు ఉన్న సంగతి రైతులందరికీ తెలిసిందే, కాపు ఎక్కువైతే కాయ చిన్నబోవడమూ తెలిసిందే. కానీ ఒకే చెట్టు ఒక ఏడు "చిన్న రకం", మరో ఏడు "పెద్ద రకం" అయ్యేంత తేడా ఉంటుందని కొలిచాకే నాకు తెలిసింది. బరువును పట్టుకుని ఏ చెట్టు ఏ జాతిదో తేల్చాలనుకోవడం వృథా ప్రయాస అని ఇక్కడే రాసి పెట్టుకుంటున్నాను.

పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె మాత్రం కదలలేదు. మామూలు చెట్లన్నీ రెండేళ్లలోనూ 1.42 నుంచి 1.50 మధ్యనే ఉన్నాయి. 12వ చెట్టు బరువు అంత మారినా దాని అంకె 1.45, 1.46. 17వ చెట్టు 1.38, 1.40 అని కొంచెం కింద నిలిచింది. 31వ చెట్టు 1.21, 1.22. అంటే కాయ ఆకారం కాపు భారానికీ నీటికీ అంతగా లొంగదు, బరువు లొంగుతుంది. టెంకల్లోనూ ఇదే కనిపించింది. 31వ చెట్టు టెంక పొట్టిగా, బుగ్గ ఎత్తుగా, చేతిలో పెట్టుకుంటే మిగతావాటి నుంచి కళ్లు మూసుకుని వేరు చేయగలిగేలా ఉంది.

44వ చెట్టు రెండో ఏడాది కూడా 471 గ్రాములతో ముందే నిలిచింది, కాపు కూడా తక్కువేమీ కాదు. దీంతో మా బాబాయికి ఉత్సాహం ఎక్కువైంది. "అమ్మాయ్, దీనికి అంటు కట్టి వేరే పేరు పెట్టి అమ్ముదాం" అని ప్రతి ఆదివారం ఫోను. నేనేమో ఆ చెట్టుకు పదడుగుల దూరంలో ఒకప్పుడు పశువుల కొట్టం పెంటకుప్ప ఉండేదన్న సంగతినీ, బోరు గొట్టం కారుతున్న చోటునూ పటంలో గుర్తు పెట్టాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.

తీపి విషయంలో తేడా తగ్గింది. సరిగ్గా కొలిస్తే పన్నెండు చెట్లూ 17.5 నుంచి 19.5 మధ్యనే ఉన్నాయి. 17వ చెట్టు పండు టెంకకు కొంచెం పీచు పట్టి ఉంది, మిగతా చెట్ల టెంకలు దాదాపు నున్నగా ఉన్నాయి. కాపలా పెద్దాయన ఆ చెట్టు లేత ఆకు నలిపి వాసన చూపించి, "ఇది కొద్దిగా వేరే వాసనమ్మగారూ" అన్నాడు. నాకు ఆ ఆకూ మిగతా చెట్ల ఆకులూ ఒకేలా అనిపించాయి, అయినా రాసుకున్నాను.

2023 ఆగస్టు 12

చెట్టును అది నిల్చున్న చోటే కొలిస్తే జన్యువు వాటా ఎంతో, వేరు వాటా ఎంతో, నేల వాటా ఎంతో విడదీయలేం. పైగా అంటు మొక్క కింది సగం, అంటే వేరు భాగం, ఏదో ఒక టెంకనుంచి మొలిచినదే; అది ప్రతి చెట్టుకూ వేరే. పైన ఒకే తల్లి, కింద 57 రకాల వేర్లు. ఈ చిక్కు విప్పడానికి ఒకటే దారి తోచింది: వేరువేరు చెట్ల కొమ్మలను తెచ్చి ఒకే చెట్టు మీద కాయించడం.

9వ చెట్టును ఎంచుకున్నాను. 5, 31, 44 చెట్ల నుంచి పెన్సిలు లావు, మూడు నాలుగు నెలల వయసున్న పుల్లలు నాలుగేసి ఎంచి, పది రోజుల ముందే వాటి ఆకులు కాడలు మిగిలేలా కత్తిరించాం; అప్పటికి కాడలు రాలి, మొగ్గలు ఉబ్బి సిద్ధంగా ఉన్నాయి. నర్సరీలో పని చేసి వచ్చిన ఒక కుర్రవాడు 9వ చెట్టు కొమ్మల మీద ఏటవాలుగా బెరడుతో పాటు కొంత కలప చెక్కి, పుల్లను కూడా అదే కోణంలో చెక్కి, రెండు పచ్చి పొరలూ ఒక వైపైనా కలిసేలా అతికించి పాలిథిన్ పట్టీతో బిగించాడు. నేను కట్టిన రెండూ వదులుగా వచ్చాయని అతను నవ్వుతూ విప్పి మళ్లీ కట్టాడు. మొత్తం పన్నెండు. ప్రతి కొమ్మకూ రంగు తీగ: 5కు తెలుపు, 31కి ఎరుపు, 44కు పసుపు.

అక్టోబరు చివరికి ఎనిమిది బతికాయి: తెలుపు మూడు, ఎరుపు రెండు, పసుపు మూడు.

2024 మార్చి 9

చెట్లన్నీ నిజంగా ఒకే తల్లివో కాదో చూసే డీఎన్‌ఏ పని డిసెంబరులోనే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. ముదురు ఆకుల్లో ఫినాలిక పదార్థాలూ జిగురు చక్కెరలూ అంత ఎక్కువని పుస్తకంలో చదివినా, చేతితో చేస్తే తప్ప నమ్మకం కుదరలేదు. గొట్టంలో తేలిన తీగలు తెల్లగా రావలసింది పోయి, బెల్లం పాకంలా గోధుమరంగు ముద్ద వచ్చింది. పిపెట్టు కొనకు సాగి అతుక్కుంది.

ఈసారి పొద్దున్నే రాగి రంగు చిగురు మాత్రం కోసి, ఐసు పెట్టెలో కళాశాలకు తెచ్చాను. ఆకు నూరేటప్పుడే ఫినాలిక పదార్థాలను పట్టుకునే పీవీపీ పొడి కలిపి, కణాలను విప్పి డీఎన్‌ఏను బయటికి తెచ్చే సీటీఏబీ ద్రావణంలో, రసం గోధుమరంగుకు తిరగకుండా ఆపే బీటా-మెర్కాప్టోఇథనాల్ మోతాదు పెంచి, 65 డిగ్రీల నీటితొట్టిలో గంటసేపు ఉంచి, క్లోరోఫారంతో రెండుసార్లు కడిగాక, చక్కెరలు మిగిలిపోకుండా ఉప్పు ఎక్కువ ఉన్న ద్రావణంలో అవక్షేపించాను. ఈసారి తెల్లటి నూలుపోగు లాంటిది తేలింది. ఆ మధ్యాహ్నం అన్నం తినడం కూడా మరిచిపోయాను.

ఎనిమిది చెట్లు: 5, 9, 12, 17, 23, 31, 44, 52. పోలిక కోసం గట్టు మీది చిన్నరసం. నా మీద నాకే అనుమానం కనుక 5వ చెట్టు ఆకునే మరో చీటీ పేరుతో రెండోసారి చేర్చాను. ఆ చీటీ పేరు నా విద్యార్థినికి మాత్రమే తెలుసు.

2024 జూలై 21

స్పెయిన్‌లోని లా మయోరా పరిశోధన కేంద్రం వారు 2005లో మామిడి కోసం తయారు చేసిన ఎస్‌ఎస్‌ఆర్ గుర్తుల వరుసలోంచి పది గుర్తులు వాడాం. ఎస్‌ఎస్‌ఆర్ అంటే జన్యుపదార్థంలో రెండు మూడు అక్షరాలు పదేపదే వరుసగా వచ్చే చోటు. ఎన్నిసార్లు వచ్చిందన్నది రకానికీ రకానికీ మారుతుంది. మామిడికి 40 క్రోమోజోములు, అంటే 20 జతలు. ప్రతి గుర్తు దగ్గరా ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చిన రెండు పొడవులు, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్‌లో రెండు గీతలుగా కనిపిస్తాయి, రెండూ ఒకటే అయితే ఒకే గీత.

ఫలితం ఇది. దాచిన చీటీ 5వ చెట్టుతో పదికి పది కలిసింది, కాబట్టి చేతి పని నమ్మవచ్చు. చిన్నరసం పదిలో ఏడింట పూర్తిగా వేరు. 5, 9, 12, 23, 44, 52 పదికి పది ఒకటే. గుండ్రటి కాయల 31 కూడా పదికి పది ఒకటే.

వేరుగా వచ్చినది, ఎవరూ అనుమానించని 17.

పది గుర్తుల్లో ఆరింట 17వ చెట్టు మిగతావాటితో కలవలేదు, కానీ ఆ ఆరింటిలోనూ రెండు గీతల్లో ఒకటి బంగినపల్లిదే. పది చోట్లా కనీసం ఒక గీత పంచుకోవడమంటే తల్లీ బిడ్డల సంబంధానికి సరిగ్గా సరిపోయే లెక్క: బిడ్డ ప్రతి చోటా తల్లి నుంచి ఒకటి తీసుకోక తప్పదు. ఏదో ఒక బంగినపల్లి టెంకనుంచి పుట్టి, తండ్రి గీతలు మరో చెట్టు నుంచి తెచ్చుకున్న మొక్క అది. కాయ తల్లి పోలికే, కొంచెం పీచు, కొంచెం పొట్టి.

మర్నాడు పెద్దాయనతో 17వ చెట్టు మొదట్లో మట్టి తీయించాను. అప్పట్లో కుండీలో మొలకను తల్లిచెట్టు కొమ్మ పక్కన కట్టి కలిపే పద్ధతిలో అంటు కట్టేవారు. మిగతా చెట్లకు మోకాలెత్తున ఆ అతుకు ఇప్పటికీ తెలుస్తుంది, కింద బెరడు గరుకుగా, పైన సన్నటి పగుళ్లతో, నడుమ ఉబ్బిన కట్టులా. 17కు ఆ కట్టు లేదు. వేరు దగ్గర నుంచి మొదటి కొమ్మ దాకా బెరడు ఒకే తీరుగా సాగిపోయింది, ఒక పక్క మాత్రం ఎప్పుడో ఎండిపోయి మూసుకుపోయిన మచ్చ ఉంది. అంటు చచ్చిపోయి, కింది మొలక పైకి లేచి చెట్టయింది. ఇన్నేళ్లుగా మేం దాని కాయలను బంగినపల్లిగానే తిన్నాం, అమ్మాం. ఏ వ్యాపారీ దానిని పక్కన పెట్టలేదు. వాసన సంగతి చెప్పిన పెద్దాయనకు ఈ విషయం చెబితే ఆశ్చర్యపోలేదు, "చెప్పాను గదమ్మగారూ" అని బీడీ వెలిగించుకున్నాడు.

31 విషయంలో మాత్రం తొందరపడకూడదు. పది గుర్తులు కలిశాయంటే ఒకే తల్లి కొమ్మ అనడానికి సందేహం లేదు గానీ, రెండూ ప్రతి అక్షరంలోనూ ఒకటే అని కాదు. 2020లో ప్రచురితమైన అల్ఫాన్సో జన్యుపటం నిడివి దాదాపు 39 కోట్ల అక్షరాలు. నేను చూసినవి పది చోట్లు. ఏ మొగ్గలోనైనా ఎప్పుడైనా ఒక్క అక్షరం మారి, ఆ మొగ్గ నుంచి వచ్చిన కొమ్మే అంటుకు పోతే, నా జెల్ దానిని పట్టుకోలేదు. 9వ చెట్టు మీది ఎర్ర తీగల కొమ్మలే దానికి సమాధానం చెప్పాలి.

2025 జనవరి 19

మూడు రంగుల కొమ్మలకూ పూత వచ్చింది. తేనెమంచు పురుగు ఉంది కానీ అదుపులోనే ఉంది.

2025 మే 27

అంటు కొమ్మల కాయలు కోశాం. తెలుపు తొమ్మిది, పసుపు పదకొండు, ఎరుపు ఆరు. ఇంత తక్కువ కాయలతో గట్టిగా తీర్మానించకూడదు, అయినా అంకెలు ఇలా ఉన్నాయి.

9వ చెట్టు సొంత కాయల సగటు 344 గ్రాములు. 5వ చెట్టు కొమ్మలవి 338. తాతగారి చెట్టు, 44వ నంబరు కొమ్మలవి 351. ఇదే సీజనులో తన చోట నిల్చున్న 44వ చెట్టు మళ్లీ 478 తూగింది. అంటే ఆ నూరు గ్రాముల పైచిలుకు గొప్పతనం కొమ్మతో పాటు రాలేదు. అది ఆ చెట్టు వేరులోనో, పెంటకుప్ప నేలలోనో, కారే బోరు గొట్టం నీటిలోనో ఉంది. ఈ మూడింటిలో ఏదో నా ప్రయోగం చెప్పదు. సాయంత్రం బాబాయికి ఫోను చేసి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు, తరువాత, "అయితే ఆ గొట్టం బాగు చేయించకండి" అన్నాడు.

31వ చెట్టు కొమ్మల కాయలు బరువు కొంచెం పుంజుకున్నాయి: తన చెట్టు మీద ఈ ఏడు 255 ఉంటే, ఇక్కడ 287. ఆకారం మాత్రం కదలలేదు, పొడవు వెడల్పుల అంకె 1.24. పక్క కొమ్మకు ఉన్న తెలుపు తీగ కాయలు 1.45. ఒకే చెట్టు, ఒకే వేరు, ఒకే నీరు, మూరెడు దూరంలో రెండు కొమ్మలు. ఒకదాని కాయ కోలగా, ఇంకొకదాని కాయ గుండ్రంగా వేలాడుతుంటే ఫొటో తీసుకున్నాను. టెంకలు పగలగొట్టి చూస్తే ఆరింటిలోనూ జీడి నిండుగా ఉంది, కాబట్టి పిండం చావు వల్ల వచ్చిన పొట్టితనం కాదు. నేను చూసినంతలో కొమ్మతో పాటు ప్రయాణించే నిజమైన మార్పు దాదాపుగా ఇదొక్కటే. అది సంతలో ఎవరికీ అక్కరలేని మార్పు కావడం వేరే సంగతి. వ్యాపారి చూపు 31ని వేరు చేయడంలో తప్పలేదు, "కలుపు" అన్న మాటే తప్పింది. ఆ మాట చెందవలసిన 17ను ఆయన ప్రతి ఏడూ తూకం వేసి తీసుకుపోతూనే ఉన్నారు.

ఆరు కాయల మీద ఆగదలచుకోలేదు. జూలైలో 31, 5 చెట్ల పుల్లలతో ఆరేసి అంటు మొక్కలు కట్టించి, ఉత్తరపు కంచె వెంట ఒకటి విడిచి ఒకటి నాటాలి. వేరు మొలకల కోసం చిన్నరసం టెంకలు నిన్ననే ఏరి, తడి ఇసుకలో పరిచాను. కోతుల కోసం ఈసారి నంబరు పలకలను ప్రతి మొక్క మొదట్లో మట్టిలో పూడ్చి పెడుతున్నాను.